కవయిత్రి గారి కరిచే కుక్కపిల్ల

మా ఇంటికి పండు వచ్చి నెల దాటింది. పామరేనియన్ పిల్ల. తెల్లగా దూదిపింజలా ఉంటుంది, రెండు అరచేతుల్లో ఇమిడిపోతుంది. కానీ ఆ నోట్లో పళ్లు చూడాలి, సూదులే సూదులు! చీర కుచ్చిళ్లు పట్టుకు లాగుతుంది. పొయ్యి దగ్గర నిలబడితే మడమ దొరకబుచ్చుకుంటుంది. ఊడుస్తుంటే చీపురు వెంటపడుతుంది, చీపురు దొరక్కపోతే నా చెయ్యి ఉండనే ఉంది. నా చేతుల మీద గీతలు చూసి పక్కింటావిడ, పిల్లిని కూడా పెంచుతున్నారా అని అడిగింది.

ఇక సలహాలకి కొదవా? మూతి మీద ఒక్కటి ఇవ్వమని ఒకరు. నోరు గట్టిగా మూసి పట్టుకోమని ఇంకొకరు. చేతులకి వేపనూనె రాసుకోమని మరొకరు. కుక్క అన్నాక వీధిగుమ్మం బయటే ఉండాలనీ, లోపలికి రానిస్తే నెత్తికెక్కుతుందనీ మా అత్తగారు మొదటి రోజే తేల్చేశారు. మా అమ్మాయికి మాత్రం ఇదంతా నవ్వులాట. బుజ్జిదే కదమ్మా, అది కరిస్తే ఏమవుతుంది అంటుంది.

ఈ బుజ్జిదే కదా అన్న మాట దగ్గరే నాకు ఎలిజబెత్ బారెట్ బ్రౌనింగ్ గుర్తొచ్చింది.

డిగ్రీలో మా ఇంగ్లీషు మేడమ్ ఆవిడ పద్యం పాఠం చెబుతూ ఆవిడ ప్రేమకథ కూడా చెప్పారు. మంచం పట్టిన కవయిత్రి, కఠినుడైన తండ్రి, ఉత్తరాలు రాసే కవి, దొంగచాటు పెళ్లి, ఇటలీ ప్రయాణం... క్లాసంతా చెవులు రిక్కించి విన్నాం. ఆ కథలో ఒక కుక్క కూడా ఉందనీ, అది కాబోయే పెళ్లికొడుకుని రెండుసార్లు కరిచిందనీ మాత్రం మేడమ్ చెప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత ఆ ఇద్దరి ఉత్తరాలు చదివినప్పుడు తెలిసింది. అప్పుడు నవ్వుకుని ఊరుకున్నాను. ఇప్పుడు పండు పళ్లకి డెట్టాల్ రాసుకుంటూ మళ్లీ తీసి చదివితే, ఆ కథ వేరేగా కనబడింది.

ఎలిజబెత్ 1806 మార్చి 6న ఇంగ్లండు ఉత్తరాన డర్హం ప్రాంతంలో పుట్టింది. పన్నెండుమంది సంతానంలో పెద్దది. తండ్రి కుటుంబానికి జమైకాలో చెరకు తోటలు, బానిసలతో పని చేయించే తోటలు ఉండేవి. ఆ డబ్బుతోనే ఈ పిల్లలందరూ పెరిగారు. తర్వాతి కాలంలో ఈ పెద్దకూతురే బానిసత్వాన్ని తిడుతూ పద్యం రాసింది, అది వేరే కథ. చిన్నప్పటి నుంచీ చదువుల పిచ్చి. ఇంట్లోనే గ్రీకు నేర్చుకుంది. పదిహేనో ఏట ఏదో జబ్బు చేసింది. అది ఏమిటన్నది ఇప్పటికీ డాక్టర్లు తేల్చుకోలేదు. అప్పటి వైద్యులకి తెలిసిందల్లా నల్లమందు. అది అలవాటై, జీవితాంతం వదల్లేదు.

1828లో తల్లి పోయింది. 1832లో పల్లెలోని పెద్ద ఇల్లు అమ్ముడుపోయింది. ఊళ్లు మారి మారి చివరికి లండన్‌లో వింపోల్ స్ట్రీట్ 50 నంబరు ఇంట్లో స్థిరపడ్డారు. లండన్ పొగ పడక, 1838లో ఆమెని సముద్రం ఒడ్డున ఉన్న టోర్కీ అనే ఊరికి పంపారు. తోడుగా ఉండమని పెద్ద తమ్ముణ్ణి బతిమాలి అక్కడే ఉంచుకుంది. 1840 జులై 11న ఆ తమ్ముడు పడవ షికారుకి వెళ్లి మునిగిపోయాడు. తన మూలంగానే పోయాడని ఎలిజబెత్ బతికినంత కాలం కుమిలింది. ఆ మాట నోట ఎత్తేది కూడా కాదు. నెలల తరబడి గోడ వంక చూస్తూ పడుకుంది.

అప్పుడొచ్చింది కుక్కపిల్ల. మేరీ రస్సెల్ మిట్‌ఫర్డ్ అని అప్పటి పేరున్న రచయిత్రి, ఎలిజబెత్ స్నేహితురాలు. ఆమె దగ్గర ఫ్లష్ అనే కాకర్ స్పానియల్ కుక్క ఉండేది. దాని పిల్లనే 1841 జనవరిలో ఎలిజబెత్‌కి బహుమతిగా పంపింది. తండ్రి పేరే కొడుక్కీ పెట్టారు, ఫ్లష్ అని. ఎర్రటి గోధుమరంగు జుట్టు, వేలాడే పొడుగు చెవులు, పెద్ద పెద్ద కళ్లు. కాకర్ స్పానియల్ మా పండంత చిన్నదేమీ కాదు గానీ, సోఫా మీద మనిషి పక్కన సర్దుకుని పడుకునే సైజే. ఎలిజబెత్ పొడుగాటి ఉంగరాల జుట్టు కూడా మొహానికి రెండు వైపులా చెవుల్లా వేలాడేది. ఇద్దరికీ పోలిక ఉందని ఆమే తన మీద తాను జోకు వేసుకునేది.

ఆ ఏడాది సెప్టెంబర్లో ఇద్దరూ లండన్ చేరారు. ఇక అయిదేళ్లు ఒకే గది. చలిగాలి తగలకూడదని కిటికీ సందులు కూడా మూసేసిన గది. పొలాల్లో కుందేళ్ల వెంట పరిగెత్తే జాతి కుక్క, ఆమె కాళ్ల దగ్గర దుప్పటి మీద పడుకుని రోజులు గడిపింది. పనిమనిషి వీధిలోకి తీసుకెళ్లడమే దాని షికారు. ఆమెకి సయించని భోజనంలో చాలా వంతు ఫ్లష్ పొట్టలోకే పోయేది. కేకులు, మీగడ మరిగింది. మామూలు తిండి పెడితే మొహం తిప్పుకునేది. దాని కోసం ప్రత్యేకంగా ఊదారంగు కప్పు, అందులోనే నీళ్లు!

చదువు కూడా మొదలుపెట్టిందండోయ్ ఎలిజబెత్. కేకు ముక్క చూపించి, అంకెలు లెక్కపెట్టి, చెప్పినప్పుడు మాత్రమే తినేలా నేర్పాలని ఒక ప్రయత్నం. అక్షరాలు గుర్తుపట్టించాలని ఇంకో ప్రయత్నం. అక్షరాలు ఫ్లష్‌కి ఎక్కలేదు. ఎక్కకపోతే ఏం గానీ, కేకు కళ్ల ముందు ఉన్నా ఆగడం అనే పాఠం ఉంది చూశారూ, ఈనాటి శిక్షకులు కూడా కుక్కపిల్లకి మొదట నేర్పమనేది అదే. గుప్పిట్లో బిస్కట్ ముక్క పెట్టుకుంటాం. అది గిల్లుతుంది, కొరుకుతుంది, గుప్పిలి విప్పం. విసిగి వెనక్కి తగ్గిన క్షణంలో విప్పుతాం. పండుకి నాలుగు రోజుల్లో పట్టుబడింది. పంటితో అడిగితే దొరకదు, ఆగితే దొరుకుతుంది, అంతే లెక్క.

ఎలిజబెత్ నేర్పనిది ఒకటుంది. మనుషుల్ని అలవాటు చెయ్యలేదు. ఆమె తప్పు అని ఎలా అంటాం? ఆమెకే మనుషులు లేరు. చెల్లెళ్లు, పనిమనిషి, సాయంత్రం వచ్చి ప్రార్థన చేసి వెళ్లే తండ్రి, తమ్ముళ్లు, అరుదుగా ఒకరిద్దరు స్నేహితులు. కుక్కపిల్లకి మూడో వారం నుంచి సుమారు మూడున్నర నెలల వయసు దాకా ఏయే మనుషుల్ని, ఏయే చప్పుళ్లని భయం లేకుండా చూస్తుందో, వాటినే తర్వాత లోకం అనుకుంటుందని ఇప్పుడు పశువైద్యులు చెబుతున్నారు. ఆ తర్వాత కూడా అలవాటు చేస్తూనే ఉండాలి. ఫ్లష్ లోకం ఒక సోఫా, దాని మీద ఒక మనిషి. ఆ మనిషి తనది.

ఇలాంటి కుక్క ఇంటికి, 1845 మే 20న ఒక మగమనిషి వచ్చాడు.

రాబర్ట్ బ్రౌనింగ్ అప్పటికి పెద్ద పేరు లేని కవి. ఎలిజబెత్ పేరే ఇంగ్లండంతా తెలుసు. 1844లో వచ్చిన ఆమె పద్యాల సంపుటి చదివి, 1845 జనవరి 10న ఆమెకి మొదటి ఉత్తరం రాశాడు. ఆమె బదులు రాసింది. ఇక చూస్కోండి, ఇరవై నెలల్లో ఇద్దరి మధ్యా 570కి పైగా ఉత్తరాలు! అతను ఆ గదికి వచ్చింది 91 సార్లు. తండ్రి ఇంట్లో లేని మధ్యాహ్నాలు చూసుకుని వచ్చేవాడు. ఆ తండ్రి తన పిల్లలెవరూ పెళ్లి చేసుకోకూడదన్న మనిషి. మగపిల్లలకీ అదే రూలు. ఆమెకి అప్పటికి 39 ఏళ్లు, బ్రౌనింగ్‌కి 33.

ఫ్లష్ మొదట్లో ఊరికే చూసేది. ఇతనొచ్చిన రోజుల్లో తనని పట్టించుకునేవాళ్లు లేరని మెల్లిగా అర్థమైంది. కుర్చీ దగ్గరకి జరుగుతున్న కొద్దీ దానికి ఒళ్లు మండేది. 1846 జులైలో ఒకరోజు బ్రౌనింగ్ కాలు పట్టుకుంది. ఎలిజబెత్ సిగ్గుపడిపోయి ఉత్తరం రాసింది. ఫ్లష్‌కి గౌను వేసుకోని జాతి అంటేనే పడదనీ, తన మొహం చూసి క్షమించమనీ దాని సారాంశం. అతను పెద్దమనసుతో నవ్వేశాడు. నిజానికి నవ్వే విషయం కాదు. పాశ్చర్ పిచ్చికుక్క కాటుకి టీకా వేసి మొదటిసారి ఒక పిల్లవాణ్ణి బతికించింది 1885లో. 1846లో కుక్క కరిస్తే దేవుడే దిక్కు.

నేనిక్కడ కాస్త ఆగుతాను. ఎలిజబెత్ తెలివైనది. కానీ ఈ మొదటి కాటుకి ఆమె చేసింది, మా అమ్మాయి చేస్తున్నదే. ముద్దుగా విసుక్కోవడం, నవ్వేయడం. అదే వీధిలో తిరిగే పెద్ద కుక్క కాలు పట్టుకుని ఉంటే నవ్వేవారా? చిన్న జాతి కుక్కల్లో కరిచే అలవాటు ముదరడానికి సగం కారణం మనమే. గుర్రుమన్నా ముద్దొస్తుంది, పన్ను దిగేదాకా లెక్కచేయం.

రెండు వారాలు తిరక్కుండానే ఫ్లష్ మళ్లీ కరిచింది. ఈసారి బ్రౌనింగ్ వెళ్లిపోయాక పనిమనిషి విల్సన్ దాన్ని కిందకి తీసుకెళ్లి గట్టిగా నాలుగు తగిలించింది. ఎలిజబెత్ అడ్డుపడలేదు. కావలసిందే అనుకుంది. పైకి వచ్చాక దాంతో మాట్లాడలేదు. సోఫా ఎక్కనివ్వలేదు. అది నేల మీద పడుకుని, కనుబొమల కింద నుంచి ఆమెనే చూస్తూ ఉంది. గంటలు గడిచాక, రాత్రికి ఇక ఉండబట్టలేక దూకి వచ్చి మీద వాలిపోయింది. ఆమె మనసు కరిగింది.

ఈ రెండు పనుల్లో ఏది పనిచేసిందంటారా? దెబ్బలు పనిచేయలేదనే నా ఉద్దేశం. కుక్క కోపంతో కరవడం తక్కువ, భయంతో, దిగులుతో కరవడం ఎక్కువ. భయపడ్డదాన్ని కొడితే భయం పెరుగుతుంది. గుర్రుమంటే దెబ్బలు పడతాయని నేర్చుకున్న కుక్క గుర్రుమనడం మానేస్తుంది, తిన్నగా కరుస్తుంది. మా పశువుల డాక్టరుగారు చెప్పిన మాట ఇది. పండు మూతి మీద కొట్టబోయిన నా చెయ్యి అప్పటి నుంచీ ఆగింది. గంటల తరబడి అలగడం కూడా కుక్కకి అర్థం కాదు. ఎందుకు అలిగామో దానికి పది సెకన్ల తర్వాత గుర్తుండదు. పన్ను తగలగానే ఆట ఆపేసి, లేచి, గది బయటికి వెళ్లి అర నిమిషం తలుపు మూసుకుంటే చాలు. మళ్లీ వచ్చి, చేతికి బదులు నమిలే బొమ్మ ఇవ్వాలి. ఇది రోజుకి ఇరవైసార్లు చేస్తున్నాను. విసుగే! అయినా మొదటి వారానికీ ఇప్పటికీ తేడా తెలుస్తోంది.

పండు కరవడం, ఫ్లష్ కరవడం ఒకటి కాదని కూడా చెప్పాలి. మూడు నెలల పిల్లకి పళ్లు వస్తుంటాయి. పాలపళ్లు 28. అవి రాలి, ఆరేడు నెలలు వచ్చేసరికి 42 పెద్దపళ్లు వస్తాయి. అప్పటిదాకా చిగుళ్లు దురద, ఏది దొరికితే అది నములుతుంది. తడిగుడ్డ మెలితిప్పి ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇస్తే హాయిగా కొరుక్కుంటుంది. పక్కన మనిషి కూర్చుని ముక్కలు మింగకుండా చూసుకోవాలి. తల్లి దగ్గర, తోడబుట్టినవాటి దగ్గర కనీసం ఎనిమిది వారాలు పెరిగిన పిల్లకి ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పో తెలుస్తుంది. నెల పిల్లని తెచ్చేసుకుంటే ఆ పాఠం మనమే చెప్పాలి. ఫ్లష్‌ది పళ్ల దురద కాదు, దానికప్పటికి అయిదేళ్లు. అది కరిచింది తన మనిషిని ఎవరో తీసుకుపోతున్నారని. చెప్పొద్దూ, దాని అనుమానం నూటికి నూరుపాళ్లూ నిజం!

దాన్ని మార్చింది కేకులే. బ్రౌనింగ్ ఫ్లష్ కోసం కేకులు పట్టుకొచ్చాడు. ఎలిజబెత్ వాటిని ఊరికే పెట్టేయలేదు. ఇవి ఎవరు తెచ్చారో దానికి విడమర్చి చెప్పి, చేసిన పనికి సిగ్గుపడమనీ, ఇకపై ఆయన్ని ప్రేమించమనీ, కరవనని ఒట్టు పెట్టమనీ ఉపన్యాసం ఇచ్చి, అప్పుడు తిననిచ్చింది. ఆ సంగతంతా బ్రౌనింగ్‌కి ఉత్తరంలో సరదాగా రాసింది. ఉపన్యాసం కుక్కకి ఎక్కిందని నేననుకోను. ఈ మనిషి వాసన, తీపి వాసన ఒకటే అని మాత్రం ఎక్కి ఉంటుంది. మా ఇంటికి పాలబ్బాయి వస్తే పండు అరిచి గోల పెట్టేది. ఇప్పుడు గుమ్మం దగ్గర డబ్బాలో బిస్కట్ ముక్కలు పెట్టాను. అతను ఒక ముక్క దూరం నుంచి నేల మీద వేసి, దాని వంక చూడకుండా పాలు పోసి వెళ్లిపోతాడు. పదో రోజుకి తోక ఊపడం మొదలుపెట్టింది. కొత్తవాళ్లు చెయ్యి చాపి తల నిమరబోతేనే బెదురుతుంది, అదొక్కటీ చెయ్యొద్దని అందరికీ చెబుతున్నాను.

ఇక ఫ్లష్‌కి నిజమైన గండం ఆ సెప్టెంబర్లో వచ్చింది.

ఆ రోజుల్లో లండన్‌లో కుక్కల దొంగలు ముఠాలు కట్టి తిరిగేవారు. గొప్పింటి ఆడవాళ్ల కుక్కల్ని ఎత్తుకుపోయి డబ్బడిగేవారు. బేరమాడితే కుక్క తలా కాళ్లూ పొట్లం కట్టి పంపుతామని బెదిరింపు. ఫ్లష్‌ని 1843లో ఒకసారి, 1844లో ఒకసారి ఎత్తుకుపోయి డబ్బు గుంజారు. మూడోసారి 1846 సెప్టెంబర్ 1న. ఎలిజబెత్, చెల్లెలు అరబెల్ దుకాణానికి వెళ్లి బండి ఎక్కుతున్నారు. కాళ్ల దగ్గర ఉన్న ఫ్లష్, బండిలో కూర్చుని చూసేసరికి లేదు.

ఈసారి ఆరు గినీలు కావాలన్నారు. గినీ అంటే పౌనూ, పైన ఒక షిల్లింగూ. తండ్రి ఒక్క పైసా ఇవ్వొద్దని హుకుం జారీచేశాడు. తమ్ముళ్లు నసిగారు. పోనీ ప్రేమించినవాడైనా అండగా నిలబడ్డాడా? దొంగలకి డబ్బివ్వడం నీతి కాదని, ఇస్తే ఇంకా పదిమంది ఆడవాళ్ల కుక్కలు పోతాయని బ్రౌనింగ్ ఉత్తరం రాశాడు. న్యాయంగా చూస్తే అతని మాట తప్పు కాదు. ఎలిజబెత్ ఊరుకోలేదు. రేపు ఇటలీలో బందిపోట్లు నన్ను ఎత్తుకుపోతే అప్పుడూ ఇదే నీతి చెబుతావా అని నిలదీసింది. తన మీద నమ్మకంతో బతికే ప్రాణిని సిద్ధాంతం కోసం బలిపెట్టనంది.

తర్వాత చేసిన పని చూడండి. మెట్లు దిగడానికి సైతం ఒకప్పుడు తమ్ముడు ఎత్తుకోవలసివచ్చిన మనిషి, విల్సన్‌ని వెంటబెట్టుకుని గుర్రబ్బండి పిలిపించుకుని లండన్ తూర్పు వైపున షోర్‌డిచ్ అనే దొంగల పేటకి వెళ్లింది. విల్సన్ భయంతో బిక్కచచ్చిపోయింది. బండి చుట్టూ జనం మూగారు. ముఠా నాయకుడు ఇంట్లో లేడు, లావుపాటి భార్య బయటికొచ్చి మాట్లాడింది. ఎలిజబెత్ బండిలో నుంచే మర్యాదగా, తడబడకుండా విషయం చెప్పి వచ్చింది. నాయకుడు డబ్బు కోసం ఇంటికొచ్చాడు. అంతా కుదిరిందనుకుంటే, ఒక తమ్ముడు ఎదురొచ్చి దొంగా అని తిట్టాడు. వాడు ఇక కుక్క మీకు దక్కదని చెప్పి పోయాడు. ఆ చీకట్లో ఎలిజబెత్ మళ్లీ బయల్దేరబోయింది. ఇంట్లోవాళ్లంతా పిచ్చెక్కిందా అన్నారు. చివరికి సెప్టిమస్ అనే తమ్ముడు తాను వెళతానని, డబ్బు తీసుకెళ్లి సర్దిచెప్పాడు. ఆ రాత్రి ఫ్లష్ వచ్చింది. చిక్కిపోయి, మురికిపట్టి ఉంది. వచ్చీ రావడం ఊదారంగు కప్పు దగ్గరికి పోయి నీళ్లు తాగింది, మళ్లీ తాగింది. మూడు దొంగతనాలకీ కలిపి ఆమెకి ఇరవై గినీలు వదిలాయి.

అది సెప్టెంబర్ 6, ఆదివారం. సరిగ్గా ఆ వచ్చే శనివారం, 12న, ఎలిజబెత్ విల్సన్‌ని తోడు తీసుకుని మారిల్‌బన్ చర్చికి వెళ్లి బ్రౌనింగ్‌ని పెళ్లిచేసుకుంది. రెండు పక్కలా ఒక్కొక్క సాక్షి, విల్సన్, బ్రౌనింగ్ తరఫు బంధువు. పెళ్లయ్యాక ఉంగరం తీసేసి ఏమీ ఎరగనట్టు ఇంటికొచ్చింది. ప్రేమ ఒక్కటే ఆమెని గుమ్మం దాటించిందని మా మేడమ్ చెప్పారు. నాకు మాత్రం షోర్‌డిచ్ ప్రయాణమే ముందు కనబడుతుంది. ఇంట్లో మగవాళ్లంతా వద్దన్నా, తానే బండి పిలిపించుకుని వెళ్లి, పని సాధించుకుని రాగలనని ఆమెకి ఆ వారంలోనే కదా తెలిసింది!

19వ తేదీ, ఇంట్లోవాళ్లు భోజనానికి కూర్చున్న వేళ, ఎలిజబెత్, విల్సన్, ఫ్లష్ మెట్లు దిగారు. కుక్క ఒక్క మొరుగు మొరిగితే అంతా బయటపడేది. ఫ్లష్ కిక్కురుమనలేదు. రైలెక్కి సౌతాంప్టన్, అక్కడ ఓడెక్కి ఫ్రాన్స్, అట్నుంచి ఇటలీ. తండ్రి మళ్లీ ఆమె మొహం చూడలేదు. ఆమె రాసిన ఉత్తరాలు విప్పకుండానే దాచిపెట్టి తిప్పి పంపాడు. 1857లో అలాగే పోయాడు.

1847 నుంచి ఫ్లోరెన్స్‌లో కాపురం. కాసా గీడీ అని పెద్ద భవనంలో ఒక వాటా. అక్కడ ఫ్లష్‌కి గొలుసు లేదు, దొంగల భయం లేదు. ఇష్టం వచ్చినంతసేపు వీధుల్లో తిరిగి ఇంటికొచ్చేది. దాన్ని షికారుకి తిప్పేది ఎవరనుకున్నారు? బ్రౌనింగే. ఒకప్పుడు ఎవరి కాలు కరిచిందో వాళ్ల వెంటే తిరిగింది. ఇటలీ వేడికి ఈగలు, గోమార్లు పట్టి రక్తం తోడేస్తుంటే, ఆ మెరిసే జుట్టంతా అతనే కత్తిరించాడు, సింహం వేషంలా మెడ దగ్గర జూలు వదిలేసి.

ఎలిజబెత్ కూడా మారింది. నడిచింది, కొండలెక్కింది. నల్లమందు పూర్తిగా మానలేదు గానీ తగ్గించింది. గర్భం నిలవక కష్టపడి, చివరికి 1849 మార్చి 9న, 43 ఏళ్ల వయసులో మగపిల్లవాణ్ణి కంది. ఫ్లష్‌కి మళ్లీ పాత దిగులు. రెండు వారాలపాటు ముభావంగా ఉంది. కానీ ఈసారి పన్ను వాడలేదు. దాన్ని గదిలోంచి గెంటకుండా, బిడ్డ దగ్గరే ఉండనిచ్చారు. తర్వాత ఆ పిల్లాడు చెవులు పట్టి లాగినా ఓర్చుకునేది. (మీరు మాత్రం ఇది చూసి పసిపిల్లల్ని, కుక్కని ఒక్కచోట వదిలి వంటింట్లోకి వెళ్లకండి. ఎంత మంచి కుక్కయినా సరే, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. పన్ను గీరినా ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే డాక్టరుకి చూపించాలి. మన ఇంటి పిల్లే కదా, టీకాలు వేయించాం కదా అని ఇంటివైద్యం వద్దు.)

ఆ ఇంట్లో ఉండగానే ఎలిజబెత్ మంచి రచనలు వచ్చాయి. బ్రౌనింగ్ కోసం రహస్యంగా రాసుకున్న ప్రేమ పద్యాలు 1850లో అచ్చయ్యాయి. అరోరా లీ అని, రచనతో తన బతుకు తాను బతికే ఆడమనిషి కథ, పద్యంలోనే నవల, 1856 చివర్లో వచ్చింది. ఫ్లష్ మీద కూడా రెండు పద్యాలున్నాయి. తర్వాత 1933లో వర్జీనియా ఉల్ఫ్ ఏకంగా ఫ్లష్ జీవితచరిత్రే రాసింది, కుక్క వైపు నుంచి. నవ్విస్తుంది, కాస్త ఏడిపిస్తుంది కూడా.

ఫ్లష్ 1854లో ముసలితనంతో పోయింది. పదమూడేళ్లు ఆమె కాళ్ల దగ్గరే ఉంది. కాసా గీడీ భవనం కింద నేలమాళిగలోనే దాన్ని పూడ్చారు. 1861 జూన్ 29న తెల్లవారుజామున ఎలిజబెత్ భర్త చేతుల్లో కన్నుమూసింది. అప్పటికి 55 ఏళ్లు. కొన్ని వారాలకి బ్రౌనింగ్ ఇల్లు ఖాళీ చేసి కొడుకుతో ఇంగ్లండు వెళ్లిపోయాడు. తర్వాత ఇటలీకి ఎన్నోసార్లు వచ్చాడు గానీ ఫ్లోరెన్స్‌లో మళ్లీ అడుగుపెట్టలేదు.